చుక్కవారింట్లో లేని సీడీ

"తవిటీ! ఒరే తవిటీ! దిగరా డాబా మీంచి, ఆ కంపెనీ అమ్మాయి లైన్లోకొచ్చింది!"

పెద్దన్నయ్య గంగునాయుడి కేక వినగానే తవిటినాయుడి చేతిలోని పటకారు జారి కింద పడింది. దిగరా అన్నాడు గానీ మెట్ల మీంచి దిగరా అనలేదు. అంతే, చేతికందిన కేబుల్ వైరు పట్టుకుని తవిటి డాబా మీంచి సర్రున జారిపోయాడు. వైరు తెగింది. వీధి చివరిదాకా టీవీలన్నీ మూగబోయాయి. తవిటి వెళ్ళి బట్టల దండెం మీద పడి, వదిన చీర ఒకటి తలకి చుట్టుకుపోయినా విప్పుకోకుండా గదిలోకి పరిగెత్తాడు.

"చెప్పగానే ఎంత తొందరగా దిగాడో చూశావా!" గంగునాయుడు పొంగిపోయాడు. "మనింటి తెలివి ఎక్కడికి పోతుంది?"

చుక్కవారింట్లో తెలివికి కొదవ లేదు. ఈ మాట సీతంపాడు టౌన్లో ఇంకెవరూ అనరు. చుక్కవారే అంటారు, రోజూ అంటారు. చెప్పిన మాట చెప్పినట్టు చేసేవాడు తెలివైనవాడనీ, "అంటే ఏంటండీ" అని తిరిగి అడిగేవాడు తెలివితక్కువవాడనీ వాళ్ళ లెక్క. పోయిన వానాకాలం గంగునాయుడి భార్య అసిరమ్మ, పెద్ద మరిది పారినాయుడి చేతికి కొత్త గొడుగిచ్చి, "తడపకుండా తీసుకురా" అంది. వాడు దాన్ని చొక్కా లోపల దాచుకుని, తను తడిసి ముద్దయి, గొడుగుని పొడిపొడిగా ఇంటికి చేర్చాడు. ఆ రోజు అసిరమ్మ వాడికి ఉప్పు దిష్టి తీసింది.

ఈ ముగ్గురన్నదమ్ములదీ కేబుల్ టీవీ వ్యాపారం. ఈమధ్యే వీధిగదిలో ఒక పెద్ద సర్వరు కూడా పెట్టారు. నల్లగా, బీరువాలో సగం ఉంటుంది, ఎప్పుడూ హోరుమంటుంది. అది ఒక్కటే నిజం సర్వరట. దాని లోపల నాలుగు లేని సర్వర్లు ఉంటాయట. కంటికి కనబడవు, చేతికి తగలవు, కానీ ఒక్కొక్కటీ నేనే ఒక మెషీన్ని అనుకుని పని చేసుకుపోతుంది. ఒకటి హైస్కూలు గంట కొడుతుంది. ఒకటి పళ్ళ డాక్టరు దగ్గర ఎవరి వంతు వచ్చిందో బోర్డు మీద చూపిస్తుంది. ఒకటి కల్యాణ మండపం ఏ ముహూర్తానికి ఎవరిదో చూసుకుంటుంది. నాలుగోది చుక్కవారి సొంత చానల్లో పాటలు వేస్తుంది.

అంతా బాగానే ఉండేది గానీ, లోపలి సర్వర్లకి టైము తెలియడం పోయింది. గడియారాలు వాటి ఇష్టం వచ్చినట్టు నడుస్తున్నాయి. ఆ వారంలో ఒకరోజు హైస్కూల్లో ప్రార్థన అవుతుండగానే ఇంటిగంట కొట్టేసింది. పిల్లలు జనగణమన సగంలో వదిలేసి సంచులెత్తుకుని పరుగో పరుగు. ఇంకేముంది, హెడ్మాస్టరు జోగినాథం గారు చేతికర్రతో సహా చుక్కవారి గుమ్మంలో నిలబడ్డారు. అందుకే విశాఖపట్నంలోని సర్వరు కంపెనీకి ఫోను చేయాల్సి వచ్చింది.

తవిటి ఫోను చెవిన పెట్టుకున్నాడు.

"నమస్కారమండీ. నా పేరు చారుమతి. మీ సర్వర్ల సమస్య నేను చూస్తాను."

అంతే. తవిటినాయుడు ఆ క్షణం దాకా ఏ ఊళ్ళో ఉన్నాడో అక్కడ లేకుండా పోయాడు. అదేం గొంతు! వేసవి మధ్యాహ్నం కొత్త కుండలో గ్లాసు ముంచితే వచ్చే చల్లటి చప్పుడులా ఉంది. వాడికి ఇరవై నాలుగేళ్ళు. ఇంతవరకూ కళ్ళు చూసి మనసు పారేసుకున్నవాళ్ళ గురించి విన్నాడు గానీ, చెవితో పారేసుకోవచ్చని తెలీదు.

"మీ పెద్ద సర్వరు ఇంటివాళ్ళనుకోండి," అంటోంది చారుమతి. "లోపలివి నాలుగూ చుట్టాలనుకోండి. ఆ చుట్టాలకి ఇంటివాళ్ళ మాట తెలియాలంటే టూల్స్ అని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి. మీవాటికి ఎవరూ ఎక్కించలేదు. అందుకే వాటికి టైము తెలియట్లేదు."

"ఏటంటోందిరా?" గంగునాయుడు ఆత్రంగా అడిగాడు.

"లోపల నలుగురు చుట్టాలున్నారట అన్నియ్యా. మనం పట్టించుకోలేదట."

అసిరమ్మ బుగ్గలు నొక్కుకుంది. "అయ్యో అయ్యో! నాలుగు నెలల్నుంచి ఇంట్లో పెట్టుకుని ఒక్కరికీ మంచినీళ్ళైనా ఇవ్వలేదే! ఎంత అప్రతిష్ఠ!" గబగబా వెళ్ళి నాలుగు స్టీలు గ్లాసుల్లో నీళ్ళు తెచ్చి సర్వరు మీద వరసగా పెట్టింది. కాసేపు చూసి, "మొహమాటపడుతున్నారు" అంది.

అవతల చారుమతి ఓపిగ్గా చెబుతూనే ఉంది. "ముందు స్కూలు గంట సర్వరు తెరిచి, పైన మెనూలో టూల్స్ అన్నచోట నొక్కండి. అప్పుడు ఆ సాఫ్ట్‌వేర్ ఉన్న సీడీ దానికి తగులుతుంది. కంగారు పడకండి, అది నిజం సీడీ కాదు. లేని సీడీ వెళ్ళి లేని డ్రైవులో కూర్చుంటుంది. అర్థమైందాండీ?"

మెనూ, నొక్కడం లాంటి మాటలన్నీ ఆ గొంతులోని తీపికి కరిగిపోయాయి. తవిటి చెవికి చివరి మాటే చేరింది. తిరిగి అడిగితే తెలివితక్కువవాణ్ణి అనుకుంటుంది. "అర్థమైందండీ" అని, అన్నల వైపు తిరిగాడు.

"లేని సీడీని లేని డ్రైవులో పెట్టాలట."

"ఓస్, అంతేనా!" అన్నాడు పారినాయుడు. వెంటనే బీరువా తలుపు తీసి, పై అరలోంచి లేని సీడీని రెండు వేళ్ళతో అంచులు పట్టుకుని జాగ్రత్తగా బయటికి తీశాడు.

"తడిచేత్తో పట్టుకోకయ్యా, మరకలు పడతాయి," అంది అసిరమ్మ.

"తడి లేదొదినా."

"ఇలా తే, దుమ్ము పట్టినట్టుంది." కొంగుతో గుండ్రంగా తుడిచి, నోటితో ఆవిరి ఊది, మళ్ళీ తుడిచి ఇచ్చింది.

"మెరిసేవైపు కిందకి పెట్టు," గంగునాయుడు హెచ్చరించాడు.

"రెండు పక్కలా ఒక్కలాగే ఉందన్నియ్యా."

"లేని సీడీ కదరా, రెండు పక్కలా లేకుండా ఉంటుంది. ఏదో ఒకటి కానీ."

పారినాయుడు అరచేతిలో సీడీ పెట్టుకుని సర్వరు వైపు ఒక్కొక్క అడుగే వేస్తూ వస్తున్నాడు. అంతలో తుమ్ము వచ్చింది. తుమ్మకు అని ఎవరూ చెప్పలేదు కనక తుమ్మాడు. చెయ్యి ఎగిరింది.

"పడిపోయింది! ఎవరూ కదలకండి!"

ఇంకేముంది, ఇల్లంతా మోకాళ్ళ మీద. మంచం కింద చూశారు, చాప ఎత్తి చూశారు. "చీపురుతో ఊడ్చి చూడనా?" అంది అసిరమ్మ. "ఊడిస్తే గీతలు పడవూ!" అని మొగుడు కసిరాడు. అలా కసురుతూ ఒక అడుగు వెనక్కి వేసి, అక్కడే ఆగిపోయాడు. మొహం పాలిపోయింది.

"కాలికింద... ఏమీ తగల్లేదురా."

"అయితే అదే," అన్నాడు పారినాయుడు దిగులుగా. "తొక్కేసినట్టున్నావు."

తవిటి ఫోను మళ్ళీ చెవిన పెట్టుకున్నాడు. "మేడమ్... సీడీ విరిగిపోయిందండీ."

"ఏ సీడీ అండీ?"

"లేనిదండీ."

అవతల చారుమతి నవ్వింది. ఆపుకోవాలని చూసి ఆపుకోలేక, ముక్కలు ముక్కలుగా నవ్వింది. ఆ నవ్వు తవిటి గుండెలో ఏదో మూల చిక్కుకుపోయి, ఇక బయటికి రానంది.

"ఫరవాలేదులెండి," అంది నవ్వు తుడుచుకుంటూ. "నా దగ్గర ఇంకోటుంది. ఇక్కణ్ణుంచే పంపిస్తాను. మీరు మౌస్ పట్టుకుని నేను చెప్పినచోట నొక్కండి, చాలు."

ఈసారి తవిటి నొక్కాడు. సీడీ తగిలింది. కానీ సాఫ్ట్‌వేర్ ఎక్కబోతూ మధ్యలో ఆగిపోయి, ఎర్ర అక్షరాలు చూపించింది. చారుమతి ఏదో ఆలోచించి, "పాత మార్పులేవో సగంలో ఉన్నాయి. ఆ ఒక్క సర్వరునే ఆపి మళ్ళీ మొదలుపెట్టాలి. మిగతా మూడూ నడుస్తూనే ఉండాలి. ముందు ఆ నాలుగూ ఎలా ఉన్నాయో ఒకసారి చూసుకోండి, మధ్యాహ్నం మళ్ళీ ఫోను చేస్తాను," అంది.

చూసుకోమంది. సర్వర్లు ఉండేది పెట్టె లోపల. అంతే, గంగునాయుడు స్క్రూడ్రైవరు తెచ్చి పెట్టె మూత ఊడదీశాడు. తీసేముందు షాకు కొడుతుందని ప్లగ్గు కూడా పీకాడు, తెలివైనవాడు కదా. హోరు ఆగిపోయింది. ముగ్గురూ తలలు లోపలికి దూర్చి చూశారు. పచ్చటి అట్టలు, వైర్లు, రెండు ఫ్యాన్లు. సర్వర్లు ఒక్కటి కూడా లేవు.

"దొంగలు!" అని అరిచాడు గంగునాయుడు. "నాలుగూ ఎత్తుకుపోయారు!"

"చుట్టాలు కదండీ," అంది అసిరమ్మ నీళ్ళ గ్లాసులు చూస్తూ. "ఆదరించలేదని అలిగి వెళ్ళిపోయారేమో."

అన్నదమ్ములు పరుగున పోలీసు స్టేషనుకి వెళ్ళారు. హెడ్డు కానిస్టేబులు అప్పుడే టీ కప్పు నోటిదాకా తీసుకొచ్చాడు.

"ఏం పోయాయి?"

"నాలుగు సర్వర్లండీ."

"ఎంతెంత ఉంటాయి?"

"ఉండవండీ. లేనివి."

హెడ్డు కప్పు కింద పెట్టాడు. "రంగు?"

"కనబడవు కదండీ, రంగెలా తెలుస్తుంది?" అన్నాడు పారినాయుడు, ఇంత మామూలు సంగతి పోలీసులకి తెలియకపోయిందే అని జాలిపడుతూ.

"అంటే మూత బిగించిన పెట్టెలో ఉన్న లేని సర్వర్లు ఇప్పుడు లేకుండా పోయాయి. అంతేనా?"

"అంతేనండీ!"

"అలాగైతే అవి ఇప్పుడు ఉన్నట్టే కదయ్యా?"

గంగునాయుడు ఇంత తెలివైన పోలీసుని జన్మలో చూడలేదు. "దండాలండీ" అని చెప్పి, దొంగతనం తేలిపోయినందుకు సంతోషిస్తూ ఇంటికొచ్చారు.

ఈలోగా ప్లగ్గు పీకిన పాపానికి టౌన్లో గంటలేదు, బోర్డులేదు, పాటలేదు. హైస్కూల్లో మధ్యాహ్నం భోజనం గంట కొట్టక పిల్లలు లెక్కల క్లాసులోనే క్యారేజీలు విప్పేశారు. పళ్ళ డాక్టరు దగ్గర బోర్డు ఆరిపోయేసరికి నా వంతంటే నా వంతని జనం కొట్టుకుని, పన్ను పీకించుకోవడానికి వచ్చినవాళ్ళకి బయటే ఆ పని అయిపోయింది.

చారుమతి ఫోను చేసి జరిగింది విన్నది. ఈసారి నవ్వలేదు గానీ, నవ్వు గొంతులో అడ్డం పడిన చప్పుడు మాత్రం తవిటికి వినిపించింది. ప్లగ్గు పెట్టించింది. అన్నీ మళ్ళీ మొదలుపెట్టించింది. సాఫ్ట్‌వేర్ ఎక్కించడం మొదలెట్టించింది.

"తవిటినాయుడు గారూ, ఇప్పుడు స్క్రీన్ మీద ఒక పచ్చ గీత నిండుతుంది. అది అయ్యేదాకా మీ ఇంట్లో ఎవరూ, ఏదీ, దయచేసి ఏదీ ముట్టుకోవద్దు. నేనే మళ్ళీ ఫోను చేస్తాను. సరేనా?"

ఆవిడ తన పేరు పూర్తిగా పలకడం అదే మొదలు. తన పేరు అంత పొడుగ్గా, అంత అందంగా ఉందని తవిటికి ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు. ఇంట్లోవాళ్ళందరినీ కూర్చోబెట్టాడు.

"మేడమ్ ఒట్టేసినట్టు చెప్పింది. ఎవరూ ఏదీ ముట్టుకోకూడదు."

ఇంకేముంది. నలుగురూ నేలమీద బాసింపట్టు వేసుకుని, చేతులు గాల్లోకెత్తి కూర్చున్నారు. పొయ్యి మీద వంకాయ కూర మాడు వాసన మొదలెట్టింది.

"కూర మాడుతోందండీ."

"ముట్టుకోకు."

"గరిటెతో..."

"గరిటె ముట్టుకోవాలి గదే."

డాబా మీద ట్యాంకు నిండి నీళ్ళు మెట్ల మీంచి దిగి వస్తున్నాయి. పారినాయుడికి వీపు మీద దురద పుట్టింది. వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గానీ చెయ్యి దించలేదు. స్క్రీన్ మీద పచ్చ గీత కాస్త కదిలి ఆగి, ఒక చిన్న పెట్టె తెరిచి, ముందుకు వెళ్ళమంటారా అని అడిగింది. అవును అన్నచోట నొక్కాలి. ఎవరూ నొక్కలేదు.

అప్పుడు ఫోను మోగింది.

బల్ల మీద ఫోను. దాని మీద చారుమతి నంబరు. తవిటి గుండె ఎగిసింది. చెయ్యి కదలబోయింది, ఆగిపోయింది. ఏదీ ముట్టుకోవద్దంది. చెప్పింది ఎవరు? ఆవిడే. పిలుస్తున్నది ఎవరు? ఆవిడే. పిలుపు అందుకుంటే మాట తప్పినట్టు. మాట నిలబెట్టుకుంటే పిలుపు పోయినట్టు. ఫోను మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది. తవిటి దాని ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, చేతులెత్తి, "ఉన్నానండీ, ఇక్కడే ఉన్నానండీ" అని దానికి దూరం నుంచే చెప్పుకున్నాడు. ఇంత కష్టం ఏ ప్రేమికుడూ పడి ఉండడని వాడి నమ్మకం.

పొగ చూసి లోపలికి వచ్చింది హెడ్మాస్టరు జోగినాథం గారు. గంట సంగతి తేల్చుకుందామని వచ్చినవాడు, నలుగురూ చేతులెత్తి కూర్చోవడం చూసి గుమ్మంలోనే తనూ చేతులెత్తేశాడు. "దోపిడీనా?" అన్నాడు గుసగుసగా. దొంగలెవరూ లేరని తెలుసుకుని, పొయ్యి ఆర్పి, ఫోను తీశాడు.

"హలో, ఎవరమ్మా? ఆఁ... ఆఁ... ఎవరూ దేన్నీ ముట్టుకోవట్లేదు తల్లీ, కంచం కూడా. ఎక్కడ నొక్కాలి? అవును అన్నచోటా? ఇదిగో."

ఆయన నొక్కాడు. గీత నిండిపోయింది. స్కూలు గంట సర్వరుకి ఇన్నాళ్ళకి టైము తెలిసింది. పారినాయుడు ఆ గోడకీ ఈ గోడకీ వీపు రాసుకుంటూ ఇల్లంతా తిరిగాడు.

మర్నాడు డాక్టరుది, ఆ మర్నాడు మండపానిది, ఆ తరవాత చానల్‌ది. చారుమతి ఒక్కొక్కటే ఎక్కించింది. తవిటికి అవి పండగ రోజులు. పని మధ్యలో గీత నిండేలోగా రెండు మాటలు మాట్లాడుకునేవారు. వాళ్ళ ఆఫీసు కిటికీలోంచి కొంచెం సముద్రం కనబడుతుందట. ఆవిడకి పెరుగులో చక్కెర ఇష్టమట. "మీరేం చేస్తుంటారు?" అని ఆవిడ అడిగితే, "చెప్పినవి చేస్తుంటానండీ," అన్నాడు తవిటి. ఆవిడ ఆ నవ్వే మళ్ళీ నవ్వింది.

ఆఖరి సర్వరు కూడా అయిపోయింది.

"హమ్మయ్య! ఇక మీకు నాతో అవసరం లేదండీ. మీ కేసు మూసేస్తున్నాను. ఏదైనా సమస్య ఉంటేనే ఫోను చేయండి. ఉంటాను మరి."

లైను తెగింది. తవిటి చాలాసేపు ఫోను చెవికి అలాగే ఉంచుకున్నాడు. సమస్య ఉంటేనే చేయమంది. సమస్యేమో లేదు. గంట వేళకి కొడుతోంది, బోర్డు వరసగా నడుస్తోంది, చానల్లో పాటలు హాయిగా వస్తున్నాయి. లోకమంతా ఇంత సరిగ్గా నడవడం వాడికి ఎప్పుడూ ఇంత బాధ కలిగించలేదు. రెండు పూటలు కంచం ముందు కూర్చుని లేచిపోయాడు.

"ఏట్రా, తినవేం?" అంది అసిరమ్మ.

"సమస్య లేదొదినా."

"లేకపోతే చేసుకోవాలి గానీ తిండి మానేస్తారా? కూర లేకపోతే చేసుకోమూ?"

తవిటి మొహం వెలిగిపోయింది. ఈ ఇంట్లో అందరికన్నా తెలివైనది వదినే! అంతే, వీధిగదిలోకి వెళ్ళి, డాక్టరుగారి సర్వరులోంచి టూల్స్ తీసేశాడు. ఎక్కించడం నాలుగుసార్లు చూసినవాడికి తీయడం ఎంతసేపు?

సాయంత్రానికి ఆ సర్వరు గడియారం నిలబడిపోయింది. బోర్డు మీద ఒకటే పేరు, బియ్యం కొట్టు పోలయ్యది. లోపలికి వెళ్ళి పన్ను పీకించుకుని వస్తాడు, బోర్డు మళ్ళీ ఆయన పేరే చూపిస్తుంది, కాంపౌండరు మళ్ళీ లోపలికి తోస్తాడు. డాక్టరుగారు బోర్డుకి గౌరవం ఇచ్చే మనిషి. ఒక్క పన్ను నొప్పితో వెళ్ళిన పోలయ్య, నోటినిండా దూది కుక్కుకుని చుక్కవారింటి మీదకి వచ్చి తిట్టాడు గానీ, ఏం తిట్టాడో ఎవరికీ అర్థం కాలేదు.

"మేడమ్, సమస్య వచ్చిందండీ!" తవిటి ఫోనులో సంబరంగా చెప్పాడు.

"అయ్యో, ఏమైంది?"

"టూల్స్ లేవండీ."

చారుమతి మళ్ళీ ఎక్కించింది. తవిటి మళ్ళీ తీశాడు, ఈసారి మండపానిది. అక్కడ ముహూర్తాలు కలగలిసిపోయి, ఒకే పందిట్లోకి ఇద్దరు పెళ్ళికొడుకులు గుర్రాలు దిగారు. రెండు మేళాలూ పోటీపడి వాయించాయి. పురోహితులిద్దరూ ఒకరి మంత్రం ఒకరు లాక్కున్నారు. ఒక పెళ్ళికొడుకు కంగారులో రెండో పెళ్ళికొడుకు చెయ్యి పట్టుకుని ఏడడుగుల్లో మూడు వేశాక గానీ ఎవరూ చూసుకోలేదు.

గంగునాయుడు ఇల్లంతా పోగేశాడు. "ఎవడో దొంగ వచ్చి మన టూల్స్ పట్టుకుపోతున్నాడు. ఒరే పారీ, నువ్వు సర్వరు ముందు కాపలా కూర్చో. బయటివాడు ఎవడొచ్చినా పట్టుకో!"

పారినాయుడు కర్ర పట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి తవిటి వచ్చి కుర్చీలో కూర్చుని మౌస్ అందుకున్నాడు.

"ఏటిరా చేస్తున్నావు?"

"చానల్ సర్వరు టూల్స్ తీసేస్తున్నానన్నియ్యా."

"కానీ కానీ. నువ్వు ఇంటివాడివి కదా. బయటివాడొస్తే మాత్రం వదలను." తమ్ముడికి చెమట పడుతోందని ఇంత అట్టముక్క తీసుకుని విసిరాడు కూడా.

ఆ పూట టౌనంతా సుప్రభాతం మూడుసార్లు వింది, మధ్యలో ఒక శోభనం పాటతో సహా. తవిటి తల దువ్వుకుని, చొక్కా మార్చుకుని, ఫోను తీసి నంబరు నొక్కాడు.

"మేడమ్, సమస్య..."

"తెలుసండీ." ఆ గొంతులో నవ్వు లేదు. కొత్త కుండ ఖాళీ అయిపోయినట్టుంది. "టూల్స్ లేవు, అంతేగా? తవిటినాయుడు గారూ, మీ కేసు నేను మూసిన ప్రతిసారీ మళ్ళీ తెరుచుకుంటోంది. నాకు పని రాదని మా మేనేజరు అనుకుంటున్నారు. నేను అన్నీ సరిగ్గానే చేశానని చెప్పినా వినట్లేదు. ఈరోజుతో కారణం తేలకపోతే నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారట. ఎక్కడ తప్పు చేశానో నాకే తెలియట్లేదండీ..."

అని ముక్కు చీదుకుంది.

తవిటి, తను చేసుకున్న సమస్య పోలయ్య పళ్ళతో, మండపం పెళ్ళిళ్ళతో ఆగుతుందనుకున్నాడు గానీ, అంత దూరం, సముద్రం కనబడే కిటికీ దాకా వెళ్తుందని అనుకోలేదు. ఆ అమ్మాయి ఏడుస్తోంది. తన వల్లే. చెప్పేయాలి. అంతా చెప్పేయాలి.

"మేడమ్... తప్పు మీది కాదండీ. కారణం నాకు తెలుసండీ. మీకొక మాట చెప్పాలని ఎన్నాళ్ళనుంచో..."

"మీకు తెలుసా?" గొంతులో ప్రాణం లేచొచ్చింది. "ఆగండి, ఆగండి! నాతో కాదు. మా మేనేజరు పక్క లైన్లోనే ఉన్నారు, కస్టమరు నోటితో వింటేనే నమ్ముతానంటున్నారు. కలుపుతాను, నేనూ వింటూ ఉంటాను. నాతో ఏం చెప్పాలనుకున్నారో ఉన్నదున్నట్టు ఆయనకి చెప్పేయండి. మీకు దండం పెడతాను, ఒక్క అక్షరం కూడా మార్చకండి!"

ఫోనులో టిక్కుమంది. తరవాత రోట్లో పొత్రం తిప్పినట్టు ఒక గొంతు వినిపించింది.

"హలో. భీమేశ్వరరావుని మాట్లాడుతున్నాను. ఏమయ్యా, ఎందుకు ఊడిపోతోంది మా సాఫ్ట్‌వేరు?"

అన్నలిద్దరూ, వదినా తవిటి చుట్టూ చేరారు. "పెద్దాయన లాగున్నాడురా," అన్నాడు గంగునాయుడు, "గట్టిగా చెప్పు, వినబడాలి."

తవిటి లేచి నిలబడ్డాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"చారుమతి గారూ!" అన్నాడు.

"నేను భీమేశ్వరరావుని."

"తెలుసండీ. అక్షరం మార్చొద్దన్నారండీ. చారుమతి గారూ! ఆ టూల్స్ తీసేసింది నేనేనండీ."

"నువ్వా! ఎందుకయ్యా?"

"సమస్య ఉంటేనే ఫోను చేయమన్నారు గదండీ మీరు. నాకున్నది ఒకటే సమస్యండీ, అది చెప్పుకోడానికి ధైర్యం లేక వేరే సమస్యలు చేసుకోవాల్సొచ్చింది."

"ఏమిటయ్యా ఆ సమస్య?" రాతి గొంతు ఉరిమింది. ఆ వెనకాల ఎక్కడో, ఊపిరి బిగబట్టుకుని మరీ ఎవరో వింటున్నారు.

చుక్కవారి చిన్నవాడు గుండెనిండా గాలి పీల్చుకుని, వీధి చివరిదాకా వినబడేలా, ఒక్క అక్షరం మార్చకుండా చెప్పేశాడు:

"మీ గొంతు వినని రోజు నాకు ముద్ద దిగట్లేదండీ. మీరు నవ్వితే నాకు ఏడుపొస్తోందండీ. మీరు ఊఁ అంటే రేపే మా వదిన్ని పసుపు కుంకాలతో మీ అమ్మగారి దగ్గరికి పంపిస్తానండీ. నేను మిమ్మల్ని ప్రేమిస్తున్నానండీ, మేడమ్!"